మోరి చివర ఏమున్నది?
గ్రామములలో మురుగునీటి శుద్ధి

గ్రామ పంచాయతీ సమావేశములలో తరచుగా వచ్చు తీర్మానములలో మురుగుకాలువ నిర్మాణ మొకటి. ఫలానా వాడలో ఇన్ని మీటర్ల సిమెంటు మోరి కట్టవలెననియు, దానికి ఇంత ఖర్చగుననియు పుస్తకములో వ్రాయబడును. మోరి ఎవరి ఇంటియొద్ద మొదలగునో అందులో స్పష్టముగా నుండును. అది ఎక్కడ ముగియునో మాత్రము చాల తీర్మానములలో కనబడదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పంచాయతీ సభ్యులతో మేము ముఖ్యముగా ఆ ముగింపును గూర్చియే ముచ్చటింపదలచితిమి.

వెనుకటి కాలమున ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. బావినుండి చేదుకొని మోసితెచ్చుకొన్న నీటిని ఎవ్వరును వృథా చేయలేదు. స్నానము చేసిన నీరు పెరటిలోని అరటి మొదటికో, గుమ్మడి పాదుకో చేరెడిది. మిషన్ భగీరథ పథకము 2016 ఆగష్టు 7వ తేదీన గజ్వేల్ ప్రాంతపు కోమటిబండలో ప్రారంభింపబడినది. గ్రామములలో మనిషి ఒక్కంటికి దినమునకు 100 లీటర్ల చొప్పున నీరందించుట ఆ పథకపు లక్ష్యము. ఇంటికి వచ్చిన నీటిలో సుమారు నూటికి డెబ్బది వంతులు స్నానము, బట్టలు, పాత్రలు శుభ్రపరచిన నీరై మరల బయటకు పోవునని అంచనా. ఆ లెక్కన రెండువేల జనాభా గల గ్రామమునుండి ప్రతి దినము 1,40,000 లీటర్ల మురుగునీరు బయలుదేరును. నీరు తెచ్చుటకు మనము పడిన శ్రమలో కొంతయైనను ఆ నీటిని పంపివేయుటకు పడవలసియున్నది.

ఈ నీరెక్కడికి పోవుచున్నది? వాలు ఎటున్న నటు పోవుచున్నది. ఊరి మోరి కుంటలోనికి, కుంట పొంగిన వాగులోనికి చేరును. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు వాగులు మంజీరలో కలియును. ఆ మంజీరపైననే నిజాంసాగరము 1931లో పూర్తియైనది. మాచారెడ్డి వైపు పడిన చినుకు మానేరు దారి పట్టును. ఏ దారి పట్టినను చివరకు గోదావరియే. ఎగువ గ్రామము విడిచిన నీటినే దిగువ గ్రామపు పశువులు త్రాగును, రజకులు బట్టలుతుకుదురు, ఆ చెరువులోనే చేపలు పెరుగును. “సారూ, మోరి కట్టిచ్చినంక నీళ్లు మా వాడల ఆగుతలేవు, ఇంకేం కావాలె?” అని మమ్ము అడిగిన సభ్యులున్నారు. వారి వాడలో ఆగుట లేదన్నది నిజమే. అవి మరియొక వాడ చివర ఆగుచున్నవి.

పట్టణములు ఈ సమస్యను ఒక విధముగా పరిష్కరించుకొన్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదకు హైదరాబాదు నగరము అతలాకుతలమైన పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చి వరద నివారణతో పాటు భూగర్భ మురుగు పారుదలకును ప్రణాళిక సిద్ధము చేసిరి. నగరమంతటి మురుగును గొట్టముల ద్వారా ఒకచోటికి చేర్చి శుద్ధి చేయుట ఆ పద్ధతి. అందులో అత్యధిక వ్యయము శుద్ధికి కాదు, గొట్టములకును, వాటిని లోతుగా పాతుటకును, నీటిని పైకెత్తు పంపులకును అగును. ఇండ్లు విరళముగా నుండు గ్రామమునకు అది తగదు. ఆ కారణమున ఇప్పుడు ప్రపంచమంతటను వేరొక ఆలోచన ప్రబలుచున్నది. నీరు పుట్టినచోటనే, లేదా సాధ్యమైనంత దగ్గరలోనే దానిని బాగుచేయుట ఆ ఆలోచన. దీనినే వికేంద్రీకృత శుద్ధి యందురు. పేరు కొత్తదైనను పెరటి అరటిచెట్టు చేసిన పనియే ఇది.

ఈ పద్ధతిలో మొదటి నియమము మూడు నీళ్లను కలుపకుండుట. వంటింటి, స్నానపుగది నీరు ఒకటి. మరుగుదొడ్డి నీరు రెండవది. వాననీరు మూడవది. ఒక్కొక్కదాని కొక్కొక్క దారి యున్నప్పుడు పని సులభము. మూడును ఒకే మోరిలో పడినచో దేనిని బాగుచేయుటయు కష్టమే. 2025 ఆగష్టు చివరలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టిని చూచినవారికి వాననీటి దారిని మురుగునకు అప్పగించుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మొదటి రకపు నీటికి ఇంటియొద్దనే ఇంకుడుగుంత త్రవ్వుట అన్నిటికంటె చౌకయైన మార్గము. మన జిల్లాకు పడమటి సరిహద్దుగా నున్న మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో టెంభుర్ణి యను గ్రామము కలదు. ఆ గ్రామస్థులు ఇంటింటికి ఇంకుడుగుంత నిర్మించి, వాడలలోని బహిరంగ మోరీల అవసరమే లేకుండ చేసుకొనిరి. మురుగు నిలువకపోవుటచే దోమలు తగ్గి ఆ గ్రామము ప్రసిద్ధిలోనికి వచ్చినది. ఆ పిదప నాందేడ్ జిల్లా యంత్రాంగము ఉపాధి హామీ పథకము క్రింద ఆ పద్ధతిని ఇతర గ్రామములకును వ్యాపింపజేసినది. ఇంకను దగ్గరలో చూడవలెనన్న, పొరుగున నున్న సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామములోను ఇంటింటికి ఇట్టి గుంతలు నిర్మింపబడినవి. సభ్యులు ఒక దినము బస్సు చార్జీలు పెట్టుకొని వెళ్లి చూచివచ్చుట, కార్యాలయములో పటములు చూచుటకంటె మేలని మా అభిప్రాయము.

నిర్మాణము కష్టమైనది కాదు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతున గుంత త్రవ్వవలెను. అడుగున పెద్ద బండరాళ్లు పరచి, వాటిపై నడుమ ఒక సిమెంటు గోలెము నిలుపవలెను. గోలెమునకు పైభాగమున మాత్రమే చుట్టును రంధ్రము లుండవలెను. ఇంటినుండి వచ్చు గొట్టము గోలెములో పడును. మట్టి, అన్నపు మెతుకులు, సబ్బు మడ్డి గోలెము అడుగున చేరును. తేటనీరు మాత్రమే రంధ్రముల గుండా బయటి రాళ్లలోనికి పోయి నేలలో ఇంకును. గోలెము చుట్టు క్రింద పెద్దరాళ్లు, పైకి వచ్చుకొలది చిన్న కంకర వేసి, దానిపై ప్లాస్టిక్ పట్టా లేక గోనెపట్ట కప్పి మట్టితో చదును చేయవలెను. గోలెమునకు మూత తప్పనిసరి. నెల రెండునెలల కొకసారి మూత తీసి, అడుగున చేరిన మడ్డిని చేటతో ఎత్తి ఎరువుగుంటలో వేసిన చాలును. గొట్టము మూతికి జాలీ లేనిచో, మడ్డి తీయనిచో గుంత కొద్దికాలములోనే మూసుకొనిపోవును. విఫలమైన గుంతలలో చాల భాగము త్రవ్వుటలో లోపముచే గాక, ఈ చిన్నపని చేయకపోవుటచే విఫలమైనవే.

ఇట్టి గుంత ఘనపరిమాణము 64 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,800 లీటర్లు. రాళ్లు ఆక్రమించగా నీటికి మిగులు చోటు ఏడువందల లీటర్ల ప్రాంతమున నుండును. ఐదుగురున్న ఇంటినుండి పైలెక్క ప్రకారము దినమునకు 350 లీటర్లు వచ్చును. అనగా రెండు దినముల నీటికి చోటున్నది. అయితే ఆ నీరు నేలలోనికి దిగుట నేలపై ఆధారపడియుండును. ఈ విషయమున ఒకే కొలతను జిల్లా అంతటికి వర్తింపజేయరాదు. ఎర్ర చలక నేలలలో నీరు చక్కగా దిగును. జుక్కల్, మద్నూరు వైపు నల్లరేగడిలో వానకాలమున మట్టి ఉబ్బి నీటిని దిగనీయదు. అచ్చట నాలుగడుగుల గుంత చాలదు. రెండు గుంతలో, పొడవైన రాళ్ల కందకమో కావలెను. కొన్ని గ్రామములలో రెండడుగులు త్రవ్వగనే బండ తగులును. అచ్చట ఇంకుడుగుంత మాటే విడువవలెను. బండ పగుళ్ల గుండా మురుగు వడపోత లేకుండ చాల దూరము పోయి బోరుబావిలో చేరగలదు. పోచారము, నిజాంసాగరము కాలువల క్రింద వరి నాటిన కాలమున భూగర్భజలము పైకి వచ్చు గ్రామములును ఇట్టివే.

కావున త్రవ్వకముందు నేలను పరీక్షింపవలెను. దీనికి యంత్ర మక్కరలేదు. గుంత అడుగు ఎంత లోతున నుండునో అంత లోతుకు జానెడు వెడల్పు గల చిన్న గొయ్యి తీసి, అడుగున రెండంగుళముల కంకర వేసి, రాత్రి నీరు పోసి నానబెట్టవలెను. మరునాడు కంకరపై ఆరంగుళముల ఎత్తున నీరు నిలిపి, అరగంటలో ఎంత దిగినదో కొలకర్రతో చూడవలెను. అంగుళము నీరు దిగుటకు అరగంటకు మించనిచో గుంత పనిచేయును. అరగంటనుండి గంట పట్టినచో కందకము కావలెను. గంటకు మించినచో నీటిని అచ్చట ఇంకించుట మాని వేరు మార్గము చూచుకొనవలెను. ఇవి సెప్టిక్ ట్యాంకు నీటికొరకు భారత ప్రమాణముల సంస్థ పెట్టిన కొలతలు. స్నానపు నీటికి వీటినే పాటించుట క్షేమము. త్రాగునీటి బావికి, బోరుకు గుంత కనీసము 10 మీటర్ల దూరమున, గుంత అడుగు భూగర్భజల మట్టమునకు రెండు మీటర్ల పైన నుండవలెను.

ఒక మాట ఇచ్చట చెప్పక తప్పదు. ఇంకుడుగుంతలు త్రవ్వినంత మాత్రమున డెంగ్యూ జ్వరము పోవునని ప్రచారము చేయుట సరికాదు. మురుగులో పెరుగు క్యూలెక్స్ దోమ తగ్గును. ఆ దోమ బోదకాలు వంటి వ్యాధులను వ్యాపింపజేయును. డెంగ్యూ దోమ పెరుగునది మంచినీటిలో. ఇంటిలో మూతలేని గోలెము, పగిలిన టైరు, కొబ్బరిచిప్ప ఉన్నంతకాలము ఆ భయముండును. చేయని మేలును చేయునని చెప్పిన, రేపు చేయు మేలును కూడ ప్రజలు నమ్మరు.

ఇక మరుగుదొడ్ల సంగతి. ప్రభుత్వము సిఫారసు చేయు పద్ధతి రెండు గుంతల మరుగుదొడ్డి. 1970లో సులభ్ సంస్థను నెలకొల్పిన బిందేశ్వర్ పాఠక్ గారు దీనికి దేశమంతట ప్రచారము కల్పించిరి. సుమారు మీటరు వెడల్పు, మీటరుకు కొంచెము మించిన లోతు గల రెండు గుంతలను సందుల ఇటుక కట్టడముతో కట్టుదురు. అడుగున సిమెంటు వేయరాదు. ఒక గుంతను వాడుచుండగా రెండవది ఖాళీగా నుండును. నాలుగైదేండ్లకు మొదటిది నిండును. అప్పుడు దారి మార్చి రెండవదానిని వాడుదురు. మొదటిదానిని కనీసము ఒకటిన్నర సంవత్సరము మూసియుంచినచో అందులోని మలము వాసనలేని పొడిమట్టిగా మారును. ఈ మాటను చాలమంది నమ్మరు. వారికి జవాబు మన రాష్ట్రములోనే దొరకినది. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లి గ్రామములో నాటి కేంద్ర త్రాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారును, వివిధ రాష్ట్రముల ఉన్నతాధికారులును స్వయముగా ఇట్టి గుంతలలోనికి దిగి, ఎరువుగా మారినదానిని తమ చేతులతో ఎత్తి చూపిరి.

ఒక హెచ్చరిక. చాల ఇండ్లలో రెండు గుంతలు త్రవ్వియు, రెంటిని ఒకదాని వెంట ఒకటిగా కలిపివేయుదురు. నడుమ దారి మార్చు తొట్టి యుండదు. అది రెండు గుంతల మరుగుదొడ్డి కాదు. రెండును ఒకేసారి నిండి ఇల్లుగలవాడు ఇబ్బంది పడును. బిల్లు చెల్లించుటకు ముందు ఆ తొట్టి మూత తీయించి చూచుట సభ్యుల విధి.

కలిగినవారు సెప్టిక్ ట్యాంకు కట్టుకొనుచున్నారు. ఎంత పెద్దదైన అంత మంచిదనియు, ఇరువదియేండ్లు తెరువనక్కరలేదనియు వారి విశ్వాసము. ఇది అపోహ. సెప్టిక్ ట్యాంకు మలినమును కొంత జీర్ణము చేయునే గాని నీటిని శుద్ధి చేయదు. బయటకు వచ్చు నీరు తేటగా కనబడినను అందులో టైఫాయిడు, కామెర్లు, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు పుష్కలముగా నుండును. ఆ నీటిని మోరిలోనికి విడిచినచో మలమును మోరిలో విడిచినట్లే. దానికి వేరుగా ఇంకుడుగుంతయో కందకమో ఉండవలెను. రెండు మూడు సంవత్సరముల కొకసారి ట్యాంకులోని మడ్డిని తీయించవలెను.

ఆ తీయించుటలోనే ప్రాణములు పోవుచున్నవి. మూసియున్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వాయువులు పేరుకొనియుండును. దిగిన మనిషి ఒకటి రెండు నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. వానిని రక్షింపబోయి దిగినవాడును అట్లే పడిపోవును. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు మరణించుట ఇందువలననే. 2013 నాటి చట్టము మురుగుకాలువలు, సెప్టిక్ ట్యాంకులలోనికి రక్షణ లేకుండ మనిషిని దింపుటను నిషేధించినది. దింపించినవాడు ఇంటి యజమాని యైనను, కాంట్రాక్టరైనను, స్థానిక సంస్థ యైనను నేరమే. మొదటిసారి నేరమునకే రెండేండ్లవరకు జైలు, రెండు లక్షలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. మరణించినవారి కుటుంబమునకు పదిలక్షల రూపాయలు చెల్లింపవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పదిలక్షలకు పెంచెను. కూలి కొన్ని వందలు మిగుల్చుకొనుటకు ఒక కుటుంబము దిక్కులేనిదగుట ఏ పంచాయతీకిని తగదు. గ్రామములో ఈ పనికి పిలువబడువారు ఎల్లప్పుడును కొన్ని కులములవారే యను సంగతి సభ్యులకు తెలియనిది కాదు.

మడ్డిని పంపుతో లాగు ట్యాంకరునే పిలిపింపవలెను. ఆ ట్యాంకరు దానిని ఎక్కడ దింపుచున్నదో కూడ అడుగవలెను. రాత్రివేళ వాగులో, రోడ్డుప్రక్క చేనిలో విడుచుట అక్కడక్కడ జరుగుచున్నది. దీనిని అరికట్టుటకు వరంగల్లు నగరపాలక సంస్థ 2016లోనే నియమావళి చేసి, ట్యాంకర్లకు అనుమతి పత్రములు, మడ్డిని శుద్ధి చేయు కేంద్రము ఏర్పరచుకొనెను. కామారెడ్డియు, 2018లో పురపాలక సంఘమైన ఎల్లారెడ్డియు పట్టణములే గనుక, చుట్టుపట్ల పంచాయతీలు తమ గ్రామపు ట్యాంకర్లు ఎక్కడ ఖాళీ చేయవలెనో ఆయా పురపాలక సంఘములతో వ్రాతమూలకముగా ఒప్పందము చేసికొనుట మంచిది. ఒక్కొక్క పంచాయతీ వేరుగా అడుగుటకంటె పది పంచాయతీలు కూడి అడిగిన పని త్వరగా జరుగును.

గుంతలు పనికిరాని వాడలకును, ఇరుకు ఇండ్లకును మోరి తప్పదు. అప్పుడు శుద్ధి మోరి చివర జరుగవలెను. దీనికి విద్యుత్తు అక్కరలేని పద్ధతి కలదు. మొదట ఇసుక, ప్లాస్టిక్ ఆగునట్లు జాలీయు, మడ్డి దిగు తొట్టియు. తరువాత అడ్డుగోడలతో గదులుగా విభజింపబడిన తొట్టి. నీరు ఒక్కొక్క గదిలో అడుగునకు దిగి మరల పైకి లేచుచు పోవును. గాలి సోకని ఆ అడుగు మడ్డిలో నివసించు సూక్ష్మజీవులు మలినమును తినివేయును. ఆ పిదప రెండడుగుల లోతు కంకర నింపిన మడి. దానిలో జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు పెంచుదురు. నీరు కంకర పైకి కనబడకుండ వేళ్ల నడుమ మెల్లగా సాగును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఇట్టి మొక్కల మడులపై ప్రయోగములు చేసినది. పుదుచ్చేరి సమీపమున తవళకుప్పములోని అరవింద్ కంటి ఆసుపత్రి ఈ రకపు శుద్ధితో తన తోటలను పెంచుకొనుచున్నది.

ఎంత స్థలము కావలెనో లెక్కించుట సులభము. ఆరువందలమంది నీరు ఒక మోరిలో చేరుచున్నదనుకొందము. మనిషికి 70 లీటర్ల చొప్పున 42,000 లీటర్లు, అనగా 42 ఘనపు మీటర్లు. అది ఒక దినము నిలువవలెనన్న 7 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల తొట్టి చాలును. మొక్కల మడికి ఇంతకు అనేక రెట్లు స్థల మవసరము. అందుచే మోరి చివర పంచాయతీ స్థలమును ఆక్రమణ కాకుండ ఇప్పుడే కాపాడుకొనవలెను. బాగుపడిన నీరు గ్రామపు నర్సరీకి, చెట్లకు పనికివచ్చును. ఆకుకూరలకు, పచ్చిగా తిను కూరగాయలకు మాత్రము వాడరాదు. పంజాబులోని సీచేవాల్ గ్రామమున సంత్ బల్బీర్ సింగు గారి పూనికతో గ్రామపు మురుగును వరుస బావులలో తేర్చి, చెరువులో నిలిపి, పొలములకు పారించు పద్ధతి ఏర్పడినది. దానిని చూచుటకు దూరప్రాంతములనుండి ప్రజలు పోవుచున్నారు.

విద్యుత్తుతో గాలి ఊది నీటిని బాగుచేయు చిన్న యంత్రములును అమ్మకమునకు వచ్చినవి. జపానులో జోకసో అను ఇట్టి తొట్టెలను ఇంటింటికి అమర్చుకొందురు. అచ్చట 1983లోనే దీనికై ప్రత్యేక చట్టము చేసి, ఏటేటా తనిఖీని, మడ్డి తీయుటను విధిగా నిర్ణయించిరి. ఆ తనిఖీ లేనిచో ఆ యంత్రము ఖరీదైన సెప్టిక్ ట్యాంకే యగును. కరెంటు బిల్లు చెల్లించువాడు, యంత్రము చూచువాడు లేని గ్రామమునకు దీనిని మేము సిఫారసు చేయము. గురుకుల పాఠశాలలు, ఆసుపత్రులు ఆలోచింపవచ్చును.

నిధుల విషయము. స్వచ్ఛభారత్ గ్రామీణ పథకపు రెండవ దశకు 2020లో వచ్చిన మార్గదర్శకములు ఐదువేల లోపు జనాభా గల గ్రామములకు ఈ నీటి నిర్వహణకై తలకు 280 రూపాయలు, అంతకు మించినవానికి 660 రూపాయలు నిర్ణయించినవి. అందులో నూటికి ముప్పది వంతులు పంచాయతీ తన ఆర్థిక సంఘపు నిధులనుండి భరింపవలెను. రెండువేల జనాభాకు మొత్తము 5,60,000 రూపాయలు, అందు పంచాయతీ వాటా 1,68,000. ఈ సంవత్సరమునకు వర్తించు వివరములను మండల పరిషత్తు అభివృద్ధి అధికారి కార్యాలయమున తెలిసికొనవలెను. మోరి అంచనా వ్రాయునప్పుడే దాని చివరి తొట్టి అంచనాను కూడ ఒకే కాగితముపై వ్రాయించుట మేలు. తరువాత చూతమన్నది సాధారణముగా చూడబడదు.

పని మొదలుపెట్టుటకు ముందు సభ్యులు ఒక ఉదయము ఏడు గంటలకు, ఇండ్లలో స్నానములు జరుగు వేళ, మోరి వెంట చివరిదాక నడచి చూడవలెను. చివర 15 లీటర్ల బకెట్టు పట్టి అది నిండుటకు ఎన్ని సెకనులు పట్టినదో లెక్కింపవలెను. పది సెకనులలో నిండినచో నిమిషమునకు 90 లీటర్లు పారుచున్నవని అర్థము. సాయంకాలము మరియొకసారి చూడవలెను. ఏ ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టము మోరిలోనికి వచ్చుచున్నదో ఆ నడకలోనే తెలియును. దానిని పుస్తకములో గుర్తించి, ఆ ఇంటివారితో మాట్లాడి, వేరు గుంతకు గడువు పెట్టవలెను. నేల పరీక్షను మాత్రము వేసవిలో చేయరాదు. ఎండిన నేల ఎంత నీటినైనను త్రాగును. వానలు వెనుకబట్టి, దసరా దాటి, చెరువులు నిండుగా నున్న దినములలో చేసిన పరీక్షయే నమ్మదగినది.